లైన్లో మా అత్త

చాలా ఏళ్ళు బడిలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. పిల్లలకి నిఘంటువు చూడడం నేర్పే రోజున ఎప్పుడూ ఒకే మాట ఇచ్చేదాన్ని. లైన్. చూడ్డానికి ఇంత మాట, అర్థాలు మాత్రం పేజీలో సగం మీద కాళ్ళు చాపుకుని కూర్చుంటాయి. గీత, వరస, తాడు, తీగ, దారి, పద్యంలో పాదం, మొహం మీద ముడత, వంశం. పిల్లలు వేలు పెట్టి చదువుకుంటూ పోతుంటే నాకు లోపల్లోపల కోపం వచ్చేది. ఇంత లావు పుస్తకం రాసినవాళ్ళు మా లైన్ని మాత్రం వదిలేశారని. వాళ్ళకెలా తెలుస్తుంది, వాళ్ళేమన్నా మా కుళాయి దగ్గర బిందె పెట్టారా?

మా లైన్ అంటే విశాఖపట్నంలో పోర్టు వెనకవైపు, రైలు గేటు దాటాక వచ్చే ఇళ్ళు. అన్నిటికీ కలిపి ఒకటే పొడుగాటి పెంకుల కప్పు. ఇంటికొక గది, వంటిల్లు, ముందు గుమ్మం, వెనక తలుపు. ఇటొక వరస, అటొక వరస, మధ్యలో సన్నటి వీధి. డెబ్బైల చివర నేను హైస్కూల్లో ఉన్నప్పుడు మమ్మల్నెవరూ మీదే ఊరని అడిగేవారు కాదు, మీదే లైనని అడిగేవారు. ముడి ఇనుము దుమ్ము గాలికి వచ్చి పడేది. పొద్దున ఉతికి ఆరేసిన దుప్పటి సాయంత్రానికి ఇటుక రంగుకి తిరిగేది. మా అమ్మ ఆ దుమ్ముని రోజూ తిట్టేది, అది రోజూ వచ్చేది.

ఆ లైన్లో ఇంగ్లీషు అక్షరం కాదు కదా తెలుగు అక్షరం కూడా రాని మనిషి మా అత్త. నాన్నకి అక్క, ఆయన అప్పా అని పిలిచేవాడు. వాళ్ళమ్మ చిన్నప్పుడే పోతే నాన్నని ఎత్తుకుని పెంచింది ఆవిడే. పెళ్ళయిన కొన్నాళ్ళకే భర్త జ్వరంతో పోయాడు. పిల్లల్లేరు. నాన్నకి పోర్టులో ఉద్యోగం వచ్చి, లైన్లో ఇల్లిచ్చాక, విజయనగరం అవతల పల్లె నుంచి ఆవిణ్ణి తెచ్చేసుకున్నాడు. మా అమ్మ కాపరానికి వచ్చేసరికే అత్త ఉంది. ఇద్దరికీ మాటా మాటా రావడం, సాయంత్రానికి ఒకరి తల ఒకరు దువ్వుకోవడం మామూలే.

ఆ ఇంగ్లీషు మాటని అత్త వాడినన్ని రకాలుగా నేను తర్వాత ఎక్కడా వినలేదు. కుళాయి వస్తే "లైన్లో నీళ్ళొచ్చినాయే, బిందెలట్రా" అనేది. కరెంటు పోతే "లైనెల్లిపోనాది" అనేది. మేం బడికి బయల్దేరితే, "లైన్ దాటేటప్పుడు రెండేపులా సూడండి, కబుర్లాడుకోకండి" అని గుమ్మంలోంచి కేకేసేది. ఎదురింటి కుర్రాడు పక్కింటి పిల్ల కోసం రోజుకోసారి సైకిల్ గాలి కొట్టుకుంటుంటే, "ఆడి సైకిల్‌కి గాలి తక్కువై కాదే, లైనేత్తన్నాడు" అని నవ్వేది. ఇవన్నీ నేర్చుకున్నాకే నేను బడిలో ఇంగ్లీషు మొదలుపెట్టాను. కనుక నా మొదటి ఇంగ్లీషు టీచరు ఆవిడే.

నాన్నది ఇంకో లైన్. ఆయన స్టీమర్లు కట్టే గ్యాంగులో పనిచేసేవాడు. స్టీమరు రేవులోకి వచ్చాక పైనుంచి ముందు ఒక సన్న తాడు విసురుతారు. కింద నిలబడ్డవాళ్ళు దాన్ని గాల్లో అందుకుని లాగితే దాని వెనక మనిషి తొడంత లావు తాడు వస్తుంది. దాన్ని ఒడ్డున ఉన్న ఇనుప దిమ్మకి తగిలించాలి. సన్నదీ లైనే, లావుదీ లైనే. లావుది బిగిసి ఉన్నప్పుడు దాని ముందు నిలబడకూడదని నాన్న అన్నం తింటూ కూడా చెప్పేవాడు. మేమేదో రేపట్నుంచి డ్యూటీకి వెళ్తున్నట్టు.

ఒక్కోసారి ఆ తాడు తెగేది. కానీ మా లైన్లో ఎవరూ తెగిందనేవారు కాదు. ఆడవాళ్ళ మెడలో పుస్తెల తాడు తెగితే పెరిగిందంటాం కదా, అలాగే స్టీమరు తాడు కూడా పెరిగిందనేవారు. మొగాళ్ళు కూడా అంతే. ఆ గ్యాంగు వాళ్ళ ఇళ్ళల్లో భయం అలా ఉండేది. నోటితో అంటే జరుగుతుందేమోనని.

ఆ భయంలోంచే ఇంకో పద్ధతి కూడా పుట్టింది. అది ఎవరు పెట్టారో నాకు తెలీదు. తెలిస్తే వాళ్ళ ఇంటికి వెళ్ళి దులిపేసి వద్దును. పొద్దుటి షిఫ్టుకి అరగంట ముందు పోర్టులో కూత వేసేవారు. సరిగ్గా ఆ వేళకే కుళాయి లైన్లో ఆడవాళ్ళందరూ ఉండేవారు. కూత వినపడగానే వాళ్ళలో భర్త లేని వాళ్ళు బిందె ఉన్నచోటే వదిలేసి ఇళ్ళల్లోకి వెళ్ళిపోయేవారు. డ్యూటీకి వెళ్ళే మగవాళ్ళకి ఎదురు రాకూడదని. ఎవరూ పొమ్మని చెప్పేవారు కాదు, ఎవరూ వద్దని ఆపేవారు కాదు. మొగాళ్ళు వెళ్ళాక మళ్ళీ వచ్చి తమ బిందె వెనక నిలబడేవారు. అప్పటిదాకా వాళ్ళ చోటు బిందె కాపాడేది. లైన్లో ఆ బిందెని ఎవరూ జరిపేవారు కాదు. అదొక మర్యాద అని మా వాళ్ళ ఉద్దేశం. బిందెకి ఇచ్చిన మర్యాద మనిషికి ఇవ్వలేదని నాకు అప్పుడు తోచలేదు. అత్త కూడా అందరితోపాటే వెళ్ళిపోయేది. నాన్న గుమ్మం దిగేసరికి వంటింట్లో పొయ్యి ముందు కూర్చుని ఉండేది.

స్టీమర్లకి మాత్రం వేళాపాళా లేదు. ఒక రోజు పొద్దున కుళాయి రాలేదు. బాగా ఎండెక్కాక వచ్చింది. నాన్నకి ఆ రోజు సెలవు. ఏదో స్టీమరుని ఒక చోటినుంచి ఇంకో చోటికి మార్చాలి, మనుషులు చాలలేదు, రమ్మని కబురొచ్చింది. కూత లేదు, షిఫ్టు లేదు. నాన్న చొక్కా తొడుక్కుంటూ గుమ్మం దిగాడు. అత్త నిండు బిందె చంకనెత్తుకుని వీధిలో ఎదురొచ్చింది. నేను గుమ్మంలోనే ఉన్నాను, చూశాను. ఆవిడ గబుక్కున పక్కకి తిరగబోయింది. నాన్న నవ్వాడు.

"ఏటప్పా, అటు తిరిగిపోతన్నావ్? నిండు బిందెతో ఎదురొచ్చేవు, మంచిదే కదా. ఇలాగ్గానీ, గుక్కెడు నీళ్ళు పొయ్యి" అని రెండు చేతులూ దోసిలి పట్టాడు.

అత్త పోసింది. ఆయన తాగి, మిగిలిన తడితో మొహం తుడుచుకుని వెళ్ళాడు.

మధ్యాహ్నం గ్యాంగులో పనిచేసే పక్కింటాయన పరుగెత్తుకు వచ్చాడు. "లైన్ పెరిగిపోనాది" అని మా అమ్మతో చెప్పి అక్కడే కూలబడిపోయాడు. ఆ మాటకి అర్థం మా లైన్లో పసిపిల్లలక్కూడా తెలుసు. అమ్మ చెప్పుల్లేకుండా పరుగెత్తింది.

నాన్న బతికాడు. తాడు వచ్చి కుడి భుజానికి కొట్టింది. పెద్దాసుపత్రిలో చాలా వారాలు ఉన్నాడు. చెయ్యి ఉంది కానీ అది ఇక ఆయన మాట వినదని డాక్టర్లు చెప్పారు.

లైన్లో అందరూ అత్త ఎదురొచ్చిన సంగతి చెప్పుకున్నారు. కుళాయి దగ్గర దాని మీద పెద్ద వాదన నడిచింది. నిండు బిందె శుభం, ఎత్తుకొచ్చిన మనిషి అశుభం, రెండిట్లో ఏది గెలుస్తుందని. మనిషి ప్రాణం పోలేదంటే అది బిందె మహిమేనని ఒకావిడ, చెయ్యి పోయిందంటే ఇంకేటి కావాలని ఇంకొకావిడ. మా అత్త గురించి కోర్టు పెట్టినట్టు మాట్లాడుకున్నారు. ఆవిడకి మాత్రం సమన్లు పంపలేదు.

అమ్మ కూడా ఒక రోజు ఆసుపత్రి నుంచి వచ్చి, నోరు పారేసుకుంది. "ఆ పూటకి నువ్వు ఇంట్లో ఉంటే ఏటి పోను వొదినా?" అంది. అంతే అంది. తర్వాత ఏడ్చింది, తప్పయిపోయిందంది. అత్త అమ్మకి గంజి వార్చి ఇచ్చి, తాగమని పక్కన కూర్చుంది.

ఆ రోజు నుంచి అత్త కుళాయి లైన్లో నిలబడడం మానేసింది. బిందెలు నా వంతుకి వచ్చాయి. ముందు గదిలోకి కూడా రావడం మానేసింది. ఆసుపత్రికి రమ్మని నాన్న ఎన్నిసార్లు కబురు పెట్టినా, ఒంట్లో బాగోలేదని నాచేత చెప్పించేది. నాన్న ఇంటికి వచ్చాక కూడా ఆయన కంట పడలేదు. వంటింట్లో అన్నం కలిపి, ముద్దలు చేసి, నా చేతికిచ్చి పంపేది. ఎడం చేత్తో తినడానికి నాన్న అవస్థ పడుతుంటే తలుపు సందులోంచి చూసేది. ఎత్తి పెంచిన తమ్ముణ్ణి సందులోంచి చూడాల్సి వచ్చింది ఆవిడకి. 

"అప్ప ఏదే?" అని నాన్న అడిగేవాడు. పనిలో ఉందనేవాళ్ళం. కొన్నాళ్ళకి ఆయనకి అనుమానం వచ్చింది. అమ్మని నిలదీశాడు. అమ్మ చెప్పేసింది.

నాన్న మంచం మీద లేచి కూర్చుని, వంటింటి తలుపుకేసి చూస్తూ అరిచాడు.

"ఆ లైన్ నార లేచిపోయుంది. నాను కళ్ళారా సూసేను. ఆ స్టీమరోళ్ళు మార్సలేదు. తెలిసే దాని ముందు నిలబడ్డాను, ఇంకో సోటు లేక. మజ్జిన అప్ప ఏటి సేసింది? దాహానికి నీళ్ళిచ్చింది. అప్పా, ఇంటన్నావా?"

లోపల గిన్నెల చప్పుడు ఆగింది. 

తర్వాత ఆయనకి గేటు దగ్గర కూర్చునే పని ఇచ్చారు. లోపలికి వెళ్ళేవాళ్ళ పాసులు చూసే పని. ఫలానా తారీకులోగా చేరకపోతే ఆ పని ఇంకొకరికి పోతుంది, ఇల్లు ఖాళీ చెయ్యాలి. చేరే రోజు పొద్దున అమ్మ ఆయనకి చొక్కా తొడిగి, గుండీలు పెట్టింది. కూత వేశారు. కుళాయి దగ్గర ఆడవాళ్ళు కొందరు బిందెలు వదిలి ఇళ్ళల్లోకి వెళ్ళారు. నాన్న గుమ్మంలో ఆగిపోయాడు.

"అప్పని ఎదురు రమ్మను. అప్పొత్తేనే నాను దిగుతాను" అన్నాడు.

వీధంతా వినపడేలా అన్నాడు. కావాలనే అన్నాడు. అన్ని గుమ్మాల్లోకీ మొహాలు వచ్చాయి. నాన్న మొండి మనిషి, ఆ మొండితనమే నాకూ వచ్చిందంటారు. ఆయన ఉద్దేశం నాకిప్పుడు బాగా అర్థమవుతుంది. నోటితో ఎన్ని చెప్పినా లైన్ నమ్మదు. అక్క ఎదురుగా వస్తే, తను డ్యూటీకి వెళ్ళి, సాయంత్రం క్షేమంగా తిరిగొస్తే, అందరి నోళ్ళూ మూతపడతాయి. ఆవిడ మళ్ళీ తలెత్తుకుని కుళాయికి వెళ్తుంది. ఆయనకి కావలసింది అదే.

అత్త వంటింటి తలుపు గడియ పెట్టేసుకుంది. నాన్న గుమ్మంలోనే కూర్చున్నాడు. షిఫ్టు వేళ దాటిపోయింది.

మర్నాడూ అదే. గ్యాంగు మేస్త్రి వచ్చి బతిమాలాడు. "బావా, మేం బతిమాలుకుని తెచ్చిన పని. రేపు కూడా రాకపోతే నా సేతిలో ఏటీ ఉండదు. ఇల్లు పోద్ది, పిల్లలున్నారు" అన్నాడు. నాన్న గుమ్మంలోంచి లేవలేదు.

మేస్త్రి వెళ్ళాక అమ్మ వంటింటి తలుపు కొట్టి తీయించింది. లోపలికి వెళ్ళి అత్త కాళ్ళు పట్టుకుంది. నేను అమ్మ వెనకే ఉన్నాను.

"నానన్న మాట మనసులో ఎట్టుకోకు వొదినా. నా నోరు మంచిది కాదు. ఒక్కసారి ఆయనకెదురు రా. ఇల్లు నిలబడతాది" అంది.

అత్త అమ్మని లేవదీసింది. కళ్ళు తుడిచింది.

"నువ్వన్నావని కాదే. ఆడు నమ్మడు, నువ్వూ నమ్మవు, నాకు తెలుసు. నానే నమ్ముతన్నాను. అప్పుడు మా ఆయన. ఇప్పుడీడు. ఈసారెల్లి ఏటన్నా అయితే ఎవలిత్తారు నాకు తమ్ముణ్ణి?"

  ఊరందరూ అన్నదాన్ని ఎదిరించొచ్చు. ఆ మనిషే ఒప్పేసుకుంటే ఎవరితో పోట్లాడతాం?

ఆ మర్నాడు పొద్దున నేను లేచేసరికి పొయ్యి మీద గంజి కాగి ఉంది. బిందెలన్నీ నిండి ఉన్నాయి. ఎవరూ లేవకముందే తెచ్చినట్టుంది. వెనక తలుపు దగ్గరగా వేసి ఉంది. అత్త చీరలు ఉండే గోనెసంచి లేదు. రైలు గేటు కాపలా ఆయన, "లైన్ దాటి టేసన్ కేసి ఎల్లింది మీ అత్త, ఊరెల్తన్నానంది" అని చెప్పాడు. తను ఇంట్లో ఉన్నంతకాలం తమ్ముడు గుమ్మం దిగడని ఆవిడకి తెలిసిపోయింది. అందుకని వెళ్ళిపోయింది.

అమ్మ చెబితే నాన్న వంటింట్లోకి వెళ్ళి, అత్త కూర్చునే పొయ్యి ముందు కాసేపు నిలబడ్డాడు. కూత వేశారు. అమ్మ చొక్కా తొడిగింది. ఆయన గుమ్మం దిగి డ్యూటీకి వెళ్ళాడు. ఇల్లు నిలబడింది.

అత్త మళ్ళీ రాలేదు. పల్లెలో వాళ్ళ అత్తవారి పాకలో ఒక మూల ఇచ్చారట, కూలికి వెళ్తోందని ఎవరో చెప్పేవారు. నాన్న ఎడం చేత్తో ఉత్తరం రాయలేడు, రాసినా ఆవిడ చదవలేదు. ఎండలు తగ్గాక ఒక ఆదివారం నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కాడు. ఆవిణ్ణి తీసుకొచ్చేస్తానని అమ్మకి చెప్పి మరీ బయల్దేరాడు. అమ్మ అత్త కోసం చీర ఇచ్చి పంపింది.

బస్సు దిగి పొలాల గట్టు మీద నడుస్తున్నాం. చోడి చేలు, అదే రాగి చేలు, నడుమెత్తున ఉన్నాయి. దూరంగా గడ్డిమోపు ఎత్తుకుని ఎవరో వస్తున్నారు. నడక చూసే నాన్న పోల్చాడు. "అప్పే" అని నా భుజం పట్టుకుని గబగబా నడిచాడు.

ఆవిడ కూడా మమ్మల్ని చూసింది. ఒక్క క్షణం ఆగింది. తర్వాత గట్టు దిగి చేలోకి వెళ్ళిపోయింది. మాకు వీపు తిప్పి, తలమీద గడ్డిమోపుతో అలాగే నిలబడిపోయింది.

"అప్పా" అన్నాడు నాన్న గట్టు మీద నిలబడి. "ఇక్కడ డ్యూటీ నేదు. స్టీమరు నేదు. నాను ఏ పనికీ ఎల్తలేను. నీకాడికే వొచ్చేను. ఇటు తిరుగు."

"బాగున్నావా తమ్ముడా? భుజం నొప్పి తగ్గిందా?" అని అత్త అటు తిరిగే అడిగింది.

"ఇటు తిరగవే అప్పా."

"నువ్వు ముందు నడు. ఇంటికాడ కూకో. నానెనక వొత్తాను."

నాన్న చాలాసేపు నిలబడ్డాడు. ఆవిడ తిరగలేదు. ఎండలో ఆ మోపుతో ఎంతసేపైనా అలాగే నిలబడి ఉంటుందని ఆయనకి అర్థమైంది. ముందుకి నడిచాడు. మేం ఆవిణ్ణి దాటి కొంత దూరం వెళ్ళాక ఆవిడ గట్టెక్కి మా వెనక రావడం మొదలుపెట్టింది. ఇంటిదాకా నాన్న వెనక్కి తిరగలేదు. తిరిగితే ఆవిడ మళ్ళీ చేలోకి దిగిపోతుంది. అమ్మ సంగతీ, దుమ్ము సంగతీ, నా చదువు సంగతీ అన్నీ ముందుకి చూస్తూనే చెప్పాడు. వెనక నుంచి ఆవిడ ఊఁ కొడుతూ వచ్చింది. నాన్న మొహం నీళ్ళతో తడిసిపోయి ఉంది. తుడుచుకుంటే వెనక ఆవిడకి తెలిసిపోతుందని తుడుచుకోలేదు.